చిన్న ఊరి పాత బజారు బాగుపడాలంటే ఏ నిధిని అడగాలి?

బైపాస్ రోడ్డు పడి, బస్టాండ్ ఊరి బయటికి వెళ్లిపోయాక మన చిన్న పట్టణాల్లో మెయిన్ బజార్లు పలచబడ్డాయి. పాత బస్టాండ్ చుట్టూ ఉన్న హోటళ్లు, బట్టల కొట్లు సాయంత్రానికే బోసిపోతున్నాయి. పెళ్లి బట్టలకు జిల్లా కేంద్రానికి, చెప్పులకు ఆన్‌లైన్‌కి జనం అలవాటు పడ్డారు. వర్తక సంఘం మీటింగు పెట్టినప్పుడల్లా "సెంట్రల్ గ్రాంటు ఏదైనా తెచ్చుకుందాం" అని ఎవరో ఒకరు అంటారు, ఎమ్మెల్యేకో ఎంపీకో వినతిపత్రం వెళ్తుంది. చాలా ఊళ్లలో పని అక్కడితోనే ఆగిపోతుంది. నిధులు లేక ఆగిన సందర్భాలు తక్కువ. ఏ నిధి దేనికి ఇస్తారో, ఎవరి పేరు మీద అడగాలో తేల్చుకోకుండా అడగడం వల్ల ఆగినవే ఎక్కువ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. లక్షలోపు జనాభా ఉన్న ఊరు సుందరీకరణ కోసం పెద్ద గ్రాంటు వెంట పడి ఏళ్లు పోగొట్టుకోకూడదు. ముందు తోపుడు బండ్ల వాళ్లకు, చిన్న కొట్ల వాళ్లకు బ్యాంకు అప్పు అందాలి. తర్వాత ఒక్క వీధిని ఎంచుకుని కాలువ, లైట్లు, టాయిలెట్ పూర్తి చేయాలి. ఆర్చీలు, రంగులు, సెల్ఫీ పాయింట్లు ఆ తర్వాత చూసుకోవచ్చు.

అడిగే ముందు మూడు ప్రశ్నలు

బజారు జబ్బు ఊరికో రకంగా ఉంటుంది. ఒక ఊళ్లో వాన పడితే నడవలేరు. ఇంకో ఊళ్లో వీధి బాగానే ఉంటుంది గానీ కొట్టులో సరుకు నింపుకునే పెట్టుబడి ఉండదు. మరో ఊళ్లో నేతో, మిఠాయో మంచి పేరుంటుంది గానీ అమ్మకం బయటి ఊళ్ల వాళ్ల చేతిలో ఉంటుంది. పొద్దున ఒకసారి, లైట్లు వేశాక ఒకసారి బజారు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, ఏది ఆగిపోయిందో కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత ప్రతి పథకాన్నీ మూడు ప్రశ్నలతో పోల్చండి. దరఖాస్తు ఎవరు పెట్టాలి: మున్సిపాలిటీనా, సంఘమా, వ్యక్తా? డబ్బు తిరిగి కట్టాలా? పని పూర్తయ్యాక ఏటా అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? మూడో ప్రశ్నకు జవాబు లేని పని ఎంత పెద్ద గ్రాంటుతో చేసినా మూడేళ్లకు పాడవుతుంది.

వీధి పనులకు

దగ్గర్లో ఉన్న డబ్బు ఆర్థిక సంఘం నిధులు, అంటే ఆ సంఘం సిఫార్సుతో కేంద్రం మున్సిపాలిటీలకు, పంచాయతీలకు ఇచ్చేవి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పది లక్షలలోపు జనాభా ఉన్న పట్టణాలకు ఇచ్చిన గ్రాంటులో 40 శాతం అన్‌టైడ్, అంటే జీతాలు మినహా స్థానిక అవసరాలకు కౌన్సిల్ తీర్మానం చేసి వాడుకునే వీలిచ్చారు. మిగిలిన 60 శాతం టైడ్, అంటే చెప్పిన పనికే వాడాల్సింది. అందులో సగం మంచినీటికి, సగం పారిశుద్ధ్యానికి. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం కాబట్టి వాటాలు, షరతుల మీద తాజా ఉత్తర్వు మున్సిపల్ ఆఫీసులో చూసుకోవాలి. అయినా ఈ డబ్బుకు ఉన్న పెద్ద సుగుణం ఒకటుంది. దీని కోసం ఢిల్లీ వెళ్లక్కర్లేదు. అజెండాలో పెట్టించడం, ఏఈతో (అసిస్టెంట్ ఇంజనీరుతో) ఎస్టిమేట్ వేయించడం, టెండర్ పిలిపించడం అన్నీ ఊళ్లోనే జరుగుతాయి.

దీనికో షరతుంది, వ్యాపారులు తప్పక తెలుసుకోవాలి. ఈ గ్రాంటు రావాలంటే మున్సిపాలిటీ లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టాలి, ఆస్తి పన్ను వసూలు రాష్ట్ర ఆర్థిక వృద్ధితో పాటు పెరగాలి అని 15వ ఆర్థిక సంఘం పెట్టింది. అంటే బజారులో కొట్ల వాళ్లు పెట్టుకున్న పన్ను బకాయి ఆ బజారుకే వచ్చే డబ్బును ఆపగలదు. వర్తక సంఘం ముందుగా తన సభ్యుల ఆస్తి పన్ను, ట్రేడ్ లైసెన్స్ బకాయిలు కట్టించి, ఆ రసీదుల జాబితాతో కమిషనర్ దగ్గరికి వెళ్తే మాటకు వచ్చే బరువే వేరు.

పంచాయతీగానే ఉన్న మండల కేంద్రాలకు ఎన్నికైన పాలకవర్గం ఉండటం ముఖ్యం. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల పదవీకాలం ముగిసి, 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా ఆర్థిక సంఘం నిధులు నిలిచిపోయాయి. కాబట్టి పాలకవర్గం ఉన్న కాలంలోనే తీర్మానాలు ముందుగా చేసిపెట్టుకోవడం తెలివి.

ఇక అమృత్ 2.0. 2021 అక్టోబరు 1న మొదలైన ఈ మిషన్‌లో లక్షలోపు జనాభా ఉన్న పట్టణాల పనులకు కేంద్రం వాటా 50 శాతం, లక్ష నుంచి పది లక్షల దాకా మూడో వంతు. వాటా చూస్తే ఆశ పుడుతుంది గానీ ఇది ముఖ్యంగా నీటి సరఫరాకు, మురుగునీటికి, చెరువులకు, పార్కులకు. బజారుకు నేరుగా చేసేది తక్కువ. ఊరి చెరువు బజారు పక్కనే ఉంటే మాత్రం, మిషన్ ఇంకా కొత్త పనులు తీసుకుంటోందో లేదో కనుక్కుని, గట్టు మీద నడకదారి దీని కింద అడిగి చూడాలి. సాయంత్రం నడకకు వచ్చిన కుటుంబం తిరుగు దారిలో మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగుతుంది, పక్క కొట్టులో పిల్లల చెప్పులూ చూస్తుంది.

పట్టణ మౌలిక వసతుల అభివృద్ధి నిధి, అంటే యూఐడీఎఫ్‌ను 2023–24 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. నేషనల్ హౌసింగ్ బ్యాంక్ నడుపుతుంది. చాలామంది దీన్ని గ్రాంటు అనుకుంటారు. ఇది రాష్ట్రానికి తక్కువ వడ్డీకి ఇచ్చే అప్పు. రాష్ట్ర ప్రభుత్వం మీ ఊరి పనిని తన జాబితాలో పెడితేనే వస్తుంది. వర్తక సంఘం స్థాయిలో దీని వెంట పడటం దండగ.

ఎంపీ లాడ్స్, అంటే ఎంపీల ప్రాంత అభివృద్ధి నిధి కింద ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. ఎంపీ సిఫార్సు చేస్తే జిల్లా యంత్రాంగం మంజూరు చేస్తుంది. ప్రజలందరికీ పనికొచ్చే శాశ్వత ఆస్తులకే ఇస్తారు, సొంత కొట్లకు ఇవ్వరు. నన్నడిగితే ఈ డబ్బుతో బజారులో అడగాల్సిన మొదటి పని ఆడవాళ్ల టాయిలెట్. పల్లెల నుంచి పెళ్లి సామాను కొనడానికి వచ్చిన ఆడవాళ్లు రెండు కొట్లు తిరిగేసరికి మధ్యాహ్నమవుతుంది. తలుపు గడియ పడే, నీళ్లు వచ్చే టాయిలెట్ దగ్గర్లో లేకపోతే మూడో కొట్టుకు వెళ్లకుండా బస్సెక్కుతారు. ఈసారి నుంచి ఏసీ, లిఫ్టు, టాయిలెట్ ఉన్న జిల్లా కేంద్రం మాల్‌కే పోతారు. బజారు పోగొట్టుకున్న గిరాకీలో దీని వాటా ఎంతో ఏ వర్తక సంఘమూ లెక్క వేయదు, ఎందుకంటే మీటింగులో కూర్చునేది మగవాళ్లే. స్వచ్ఛ భారత్ మిషన్ పట్టణ విభాగం కింద కూడా పబ్లిక్ టాయిలెట్లు కట్టుకోవచ్చు. ఎవరి డబ్బుతో కట్టినా మనిషిని పెట్టి నడిపే బాధ్యత ఎవరిదో తీర్మానంలోనే రాయించాలి.

ఇప్పుడు కాలువ సంగతి. ఏ బజారులోనైనా కొట్ల ముందు చూడండి. సైడు కాలువ మీద ఒక్కొక్కరూ తమ సౌకర్యానికి ఒక్కో ఎత్తులో స్లాబు పోయించుకుని ఉంటారు. ఒకరిది గడప కంటే పైకి, పక్కవారిది అర అడుగు కిందికి. ఆ స్లాబు లేపడానికి వీలుండదు, కింద పూడిక తీయడానికి కార్మికుడి చెయ్యి దూరదు. పాలిథీన్ కవర్లు, హోటల్ ఎంగిలి లోపలే గట్టిపడి, పెద్ద వాన పడగానే నీళ్లు రోడ్డెక్కి చివరకు అదే కొట్ల గడపలకు తగులుతాయి. పైన నడవబోతే మెట్లెక్కి దిగినట్టుంటుంది కాబట్టి జనం రోడ్డు మీదికి దిగుతారు, అక్కడ బైకులు. వీధి పనుల్లో నేనైతే మొదటి డబ్బు ఇక్కడే పెడతాను. వీధి పొడవునా ఒకే ఎత్తులో కాలువ, దాని మీద ఇద్దరు మనుషులు కొక్కేలతో లేపగలిగే చిన్న చిన్న కాంక్రీటు మూతలు. అదే కాలువా, అదే ఫుట్‌పాత్. ఈ పని టైడ్ నిధి కింద చేయవచ్చా, అన్‌టైడ్‌లో పెట్టాలా అనేది ఎస్టిమేట్ రాసే రోజే ఏఈతో తేల్చుకోండి. తర్వాత మార్చబోతే ఆడిట్ అభ్యంతరం వస్తుంది. పాత స్లాబులు కొట్టేసే రోజున వర్తక సంఘం పెద్దల కొట్ల దగ్గరే మొదలుపెడితే గొడవ తగ్గుతుంది.

వ్యాపారం చేసే మనిషికి

బండి మీద, బుట్టలో, నేల మీద పెట్టి అమ్మేవాళ్లకు పీఎం స్వనిధిని మించింది లేదు. 2020 జూన్‌లో మొదలైంది. 2025 ఆగస్టులో మార్చాక మొదటి అప్పు 15,000, అది తీరిస్తే 25,000, తర్వాత 50,000. గడువు 2030 మార్చి 31 వరకు. హామీ అక్కర్లేదు, సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ. రెండో అప్పు తీర్చినవాళ్లకు యూపీఐకి కలిపిన రూపే క్రెడిట్ కార్డు కూడా ఉంది.

దీన్ని డైలీ ఫైనాన్స్‌తో పోల్చి చూడండి. పదివేలు రాసుకుని, ముందే వెయ్యి కోసుకుని తొమ్మిది వేలు చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. మూడు నెలల పైచిలుకు కాలానికి తొమ్మిది వేల మీద వెయ్యి రూపాయలు. రోజూ కొంత తీరుస్తూనే ఉంటారు కాబట్టి అసలు వడ్డీ పైకి కనిపించేదాని కంటే ఎంతో ఎక్కువ. ఆ భారం దిగిన పూల బండి ఆమె ఇంకో బుట్ట ఎక్కువ దింపుకోగలదు. బజారు కళ మొదట తెలిసేది ఆ బండ్ల దగ్గరే.

ఇక్కడ ఇరుక్కునేది గుర్తింపు దగ్గర. వీధి వ్యాపారుల చట్టం 2014 ప్రకారం సర్వే, గుర్తింపు పత్రం, టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే, ఎన్నికైన వాళ్లే కావాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు. సర్వేలో పేరు రానివాళ్లకు మున్సిపాలిటీ సిఫార్సు లేఖ ఇవ్వొచ్చు. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సిబ్బందిని ఒక రోజు బజారుకే పిలిపించి అక్కడే దరఖాస్తులు పూర్తి చేయిస్తే, రోజు కూలి పోగొట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగే బాధ వాళ్లకు తప్పుతుంది.

టైలర్, క్షురకుడు, రజకుడు, చెప్పులు కుట్టేవారు, కంసాలి, కమ్మరి, కుమ్మరి, పూలదండలు కట్టేవారు ఇలా 18 వృత్తులకు పీఎం విశ్వకర్మ ఉంది. 2023 సెప్టెంబరు 17న మొదలైంది. శిక్షణలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000, తర్వాత 5 శాతం వడ్డీకి ముందు లక్ష, అది తీరిస్తే రెండు లక్షలు. స్వనిధినీ దీన్నీ పోల్చి ఎంచుకునేటప్పుడు ఒక చిక్కుంది. గత ఐదేళ్లలో ముద్రా, స్వనిధి లాంటి అప్పు తీసుకుని ఇంకా తీర్చనివాళ్లకు విశ్వకర్మ రాదు. పూర్తిగా తీర్చినవాళ్లకు వస్తుంది. కాబట్టి రోడ్డు పక్కన చెప్పులు కుట్టే మనిషి రెండింటికీ అర్హుడైతే ముందు విశ్వకర్మకు వెళ్లడమే మేలు. ఇంటికి ఒక్కరికే అన్న నిబంధన కూడా గుర్తుంచుకోవాలి. చేనేత ఆ 18లో లేదు. నేత ఊళ్లు చేనేత, జౌళి శాఖ క్లస్టర్ పథకాలను చూసుకోవాలి.

ఇప్పటికే కొట్టున్నవాళ్లకు సరుకు పెట్టుబడికి ముద్రా సరిపోతుంది. 50 వేల దాకా శిశు, 5 లక్షల దాకా కిశోర్, 10 లక్షల దాకా తరుణ్. తరుణ్ సక్రమంగా తీర్చినవాళ్లకు 2024 నుంచి 20 లక్షల దాకా. సబ్సిడీ ఉండదు, హామీ అడగకూడదు, అంతే.

కొత్తగా యూనిట్ పెట్టేవాళ్లకు పీఎంఈజీపీలో, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో సబ్సిడీ పెద్దది. తయారీకి 50 లక్షల దాకా, సేవలకు 20 లక్షల దాకా ప్రాజెక్టు. ఇందులో ఊరి హోదా లెక్కలోకి వస్తుంది. పంచాయతీగా ఉన్న మండల కేంద్రంలో ఒక మహిళ పది లక్షలతో యూనిట్ పెడితే సబ్సిడీ 35 శాతం, అంటే మూడున్నర లక్షలు. అదే ఊరు మున్సిపాలిటీ అయితే 25 శాతం, రెండున్నర లక్షలు. రెండు చోట్లా ఆమె సొంతంగా పెట్టేది 5 శాతం. ఆ సబ్సిడీ చేతికి రాదు, బ్యాంకులో మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తోందని తేలాక అప్పులో సర్దుతారు. ఈ సంగతి తెలియక మధ్యవర్తి మాట నమ్మి "సబ్సిడీలో వాటా" ముందే ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఎవరికీ రూపాయి ఇవ్వకండి, జిల్లా పరిశ్రమల కేంద్రంలోనే అడగండి. 

పచ్చళ్లు, మిఠాయిలు, పిండివంటల ఊరైతే చిన్న ఆహార తయారీ యూనిట్ల కేంద్ర పథకం పీఎంఎఫ్‌ఎంఈ దీనికంటే నయం, ఎందుకంటే నడుస్తున్న యూనిట్‌కీ ఇస్తారు. 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు. డ్వాక్రా సంఘం సభ్యురాలికి 40,000 దాకా మూలధనం కూడా ఉంది. ప్రాజెక్టు రిపోర్టు రాసిపెట్టడానికి జిల్లా రిసోర్స్ పర్సన్లు ఉంటారు, వాళ్లకు ప్రభుత్వమే డబ్బిస్తుంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో, బందరు లడ్డూకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అలాంటి పేరున్న ఊరికి ఉమ్మడి ప్యాకింగ్, లేబుల్ పని వెంటనే ఫలితమిస్తుంది. ఈ రెండు పథకాలకూ ఆమోదించిన గడువు 2025–26తో ముగిసేది. పోర్టల్ తెరిచి ఉందో లేదో చూసుకున్నాకే కొటేషన్లు తెచ్చుకోండి.

కొత్త మార్కెట్ భవనమా, పాత వీధా?

ఈ మధ్య ఊరూరా కూరగాయలు, మాంసం ఒకే చోట అమ్మే సమీకృత మార్కెట్ల మాట వినిపిస్తోంది. శుభ్రత రీత్యా మంచిదే. కానీ స్థలం దొరికిందని ఊరి చివర కడితే కూరగాయల వాళ్లతో పాటు జనం కూడా బజారు వదిలిపోతారు. రోజూ వచ్చే గిరాకీ కూరగాయలకే. ఆ వచ్చిన మనిషే కిరాణా కొట్టుకీ, మందుల షాపుకీ వెళ్తాడు. పాత మార్కెట్ స్థలంలోనే కట్టగలిగితే ఒప్పుకోండి. లేకపోతే ఉన్నచోటే నీడ, నీళ్లు, లైటు, చెత్త బండి అడగండి, ఖర్చు కూడా తక్కువ. ఆశీలు లేదా తైబజారు వేలం పాడినవాళ్లు బండ్ల దగ్గర ఎంత వసూలు చేయాలో రేట్ల బోర్డు పెట్టించడానికి గ్రాంటు కూడా అక్కర్లేదు.

గుడి, కోట, పాత మేడలు ఉన్న ఊళ్లు

2015లో వచ్చిన హృదయ్ పథకం 12 వారసత్వ నగరాలకు పూర్తి కేంద్ర నిధులిచ్చింది, అందులో అమరావతి, వరంగల్ ఉన్నాయి. 2019 మార్చితో ముగిసింది. పుణ్యక్షేత్రాలకు ప్రసాద్ పథకం ఉంది. శ్రీశైలం, అన్నవరం, అలంపూర్, భద్రాచలం లాంటివి దాని పరిధిలోకి వచ్చాయి. ఈ పథకాలకు ఊరిని రాష్ట్ర పర్యాటక శాఖ ప్రతిపాదించాలి, ఎంపిక పైన జరుగుతుంది. మీ ఊరికి ఆ అవకాశం వస్తే ప్లాను దశలోనే ఒకటి పట్టుబట్టండి: బస్సుల పార్కింగ్ గుడి వాకిట్లో కాకుండా బజారుకు అవతల ఉండాలి. వృద్ధులకు, నడవలేనివారికి బ్యాటరీ బండి పెడితే చాలు. యాత్రికులు బజారు మీదుగా నడిస్తేనే కొబ్బరికాయల కొట్టు నుంచి బొమ్మల కొట్టు దాకా నాలుగు డబ్బులు చూస్తాయి.

భూదాన్ పోచంపల్లికి 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామం గుర్తింపు ఇచ్చింది. గుర్తింపు వేరు, గ్రాంటు వేరు. అది మనుషులను రప్పిస్తుంది, వచ్చినవాళ్లకు ఏం చూపాలో, ఎక్కడ కూర్చోబెట్టాలో ఊరే చూసుకోవాలి.

కంపెనీల డబ్బు, విదేశాల్లో ఉన్న మన వాళ్ల డబ్బు

కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 ప్రకారం 5 కోట్ల నికర లాభమో, 1,000 కోట్ల టర్నోవరో, 500 కోట్ల నికర విలువో ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. తాము పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వమని చట్టమే చెప్తుంది. తాండూరు, జగ్గయ్యపేట లాంటి సిమెంటు ఊళ్లకు ఇది పెద్ద అవకాశం. అయితే ఏ పనులకు ఖర్చు పెట్టవచ్చో చెప్పే ఏడో షెడ్యూలులో "బజారు అభివృద్ధి" అన్న పేరు లేదు. పారిశుద్ధ్యం, చారిత్రక కట్టడాల పునరుద్ధరణ, ఉపాధి నైపుణ్యాలు అని పనిని విడదీసి రాయాలి. తీసుకునే సంస్థ ట్రస్టుగానో సొసైటీగానో నమోదై, ఆదాయపు పన్ను శాఖ నుంచి దాతృత్వ సంస్థలకిచ్చే 12ఏ నమోదు, 80జీ ఆమోదం ఉండి, కంపెనీ వ్యవహారాల శాఖకు సీఎస్‌ఆర్–1 ఫారం దాఖలు చేసి ఉండాలి.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న ఊరివాళ్లు డబ్బు పంపుతామంటే సంతోషమే, కానీ పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందు అడగండి. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు ఓసీఐ కార్డున్నా చట్టం దృష్టిలో విదేశీయులే. వారి డబ్బు తీసుకోవాలంటే మీ సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ప్రత్యేక ఖాతా కావాలి. తీసుకున్న డబ్బును ఇంకో సంస్థకు మళ్లించకూడదు. మంచి మనసుతో చేసిన పని కేసు దాకా వెళ్లే దారి ఇదొక్కటే, జాగ్రత్త.

విదేశాల్లో ఉన్న ఊరివాళ్లు నిజంగా ఆదుకోగలిగిన చోటు ఇంకొకటి ఉంది. అమెరికాలో చిన్న ఊళ్ల పాత వీధులను నిలబెట్టే మెయిన్ స్ట్రీట్ ప్రయత్నం 1977లో గేల్స్‌బర్గ్, మాడిసన్, హాట్ స్ప్రింగ్స్ అనే మూడు ఊళ్లతో మొదలైంది. అక్కడ ఒక్కో ఊరికీ జీతమిచ్చి ఒక మేనేజర్‌ను పెట్టారు. మన పథకాలు దేనిలోనూ ఆ మనిషి జీతానికి పద్దు ఉండదు. వర్తక సంఘం అధ్యక్షుడికి తన కొట్టు ఉంది, కౌన్సిలర్‌కు వార్డుంది, కమిషనర్‌కు బదిలీ ఉంది. ఫైలు ఏ టేబుల్ మీద ఆగిందో రోజూ చూసి, బ్యాంకుకు వెళ్లిన దరఖాస్తుల లెక్క రాసి, కాలువ మూతలు లేపిన తేదీ గుర్తుపెట్టుకునే మనిషి ఒకరు కావాలి. ఊళ్లో డిగ్రీ చదివి, కంప్యూటర్ వచ్చి, నలుగురితో మాట్లాడగలిగిన అమ్మాయినో అబ్బాయినో రెండేళ్లకు పెట్టుకోండి. సగం జీతం కొట్ల నెలవారీ చందా నుంచి, సగం భారత పాస్‌పోర్టున్న ఊరివాళ్ల నుంచి. ఆర్చీకి పెట్టే డబ్బు కంటే ఇది తక్కువే అవుతుంది. మొదటి నెల ఆ మనిషికి అప్పగించాల్సిన పని బండ్ల వాళ్ల జాబితా తయారీ: పేరు, ఏం అమ్ముతారు, ఎన్నేళ్లుగా, గుర్తింపు పత్రం ఉందా, పాత అప్పు ఉందా. ఆ జాబితా చేతిలో ఉంటే స్వనిధికి ఎవరు, విశ్వకర్మకు ఎవరు, ముద్రాకు ఎవరు అనేది ఒక్క సాయంత్రంలో తేలిపోతుంది.